కంపమొద్దు ఎందుకు చీలడం లేదు?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బెంగళూరు ఉద్యోగం వదిలేసి కమలాపురం పక్కన సొంతూరికి వచ్చేశావు. స్నానాలకు నీళ్ళు కాచుకోవడానికీ, చుట్టాలొచ్చినప్పుడు పెద్ద పొయ్యి మీద వండుకోవడానికీ కట్టెలు కావాలి. చేను గట్టున కొట్టించిన కంపచెట్ల (సర్కారు తుమ్మ) మొద్దులు ఒక ట్రాక్టరు లోడు వాకిట్లో పడున్నాయి. కొత్త గొడ్డలి తెచ్చి రెండు రోజులు కొట్టినా నాలుగు మొద్దులు కూడా చీలలేదు. ఎక్కువసేపు ఒక పంగ మొద్దు (రెండు కొమ్మలు విడిపోయే చోటిది) మీదే పోయింది. గొడ్డలి ఇరుక్కుపోతోంది, వాదర (పదును అంచు) పెచ్చులూడింది, మోచేతులు రాత్రంతా లాగుతున్నాయి. ఇంకా బరువైన గొడ్డలి కొనాలా, చీల్చే మిషన్ తెప్పించాలా అని అడిగావు.

రెండూ వద్దు. నీ బలంలో లోపం లేదు. మొద్దుల పొడవు తప్పు, గొడ్డలి రకం తప్పు, కొట్టే చోటు తప్పు. ఈ మూడూ సరిచేసుకుంటే ఇదే లోడు పది పన్నెండు పొద్దుల్లో అయిపోతుంది.

నేను మైదుకూరు వైపు వాణ్ణి. 30 ఏళ్ళుగా పెళ్ళిళ్ళకూ దేవర జాతరలకూ వంటకట్టెలు కొట్టి ఇస్తున్నాను. మా నాయన కూడా ఇదే పని చేశాడు. నాకు మొదట నేర్పింది గొడ్డలి ఎత్తడం కాదు. మొద్దును నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసి, ఎక్కడ కొడితే చీలుతుందో చెప్పమనేవాడు. చెప్పేదాకా గొడ్డలి చేతికిచ్చేవాడు కాదు. అప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు నా దగ్గరికి పనికొచ్చే పిల్లలకు నేనూ అదే చేస్తున్నాను.

ముందు పొడవు సంగతి. మొద్దులు మూడడుగులున్నాయని రాశావు. అసలు తంటా అక్కడే ఉంది. కట్టెలో నారంతా వేరు నుంచి కొమ్మదాకా నిలువుగా పోతుంది. చీల్చడం అంటే పక్కపక్కనే అతుక్కున్న నారల్ని విడదీయడం. మొద్దు పొడవు పెరిగేకొద్దీ ఒక్క దెబ్బకు విడిపోవాల్సిన నార పెరుగుతుంది. పైగా కంపచెట్టు నేల దగ్గరి నుంచే నాలుగైదు కొమ్మలుగా వంకర్లు తిరుగుతూ పెరుగుతుంది కాబట్టి మూడడుగుల ముక్కలో ఒక వంకర, కొమ్మలు మొలిచిన చోట రెండు గట్టి ముడులు తప్పకుండా ఉంటాయి. ఊళ్ళో చెయిన్ రంపం ఉన్నవాణ్ణి ఒక పూట పిలిపించి అన్నిటినీ అడుగుంపావు ముక్కలుగా కోయించు. పొయ్యికి సరిపోయేదీ అంతే. కోయించేటప్పుడు ముడి ఉన్నచోటే రంపం పెట్టమను. ముడి ముక్క మధ్యలో ఉంటే గొడ్డలిని ఆపేస్తుంది. కోత అక్కడే పడితే రెండు ముక్కలకూ చివరికి వచ్చి అంత ఇబ్బంది పెట్టదు.

రెండోది గొడ్డలి. నువ్వు పెట్టిన ఫోటో చూశాను. అది చెట్లు నరికే గొడ్డలి. పక్కలు పలచగా ఉంటాయి, పదును ఎక్కువ. నారను అడ్డంగా తెగ్గొట్టడానికి చేసింది. దాన్ని నిలువు నారలో దించితే కత్తి దిగినట్టు దిగుతుంది, అక్కడే కూర్చుంటుంది. చీల్చే గొడ్డలికి వాదర నుంచి వెనక్కి పోయేకొద్దీ మందం గబగబా పెరగాలి. రెండు అంగుళాలు దిగేసరికి దాని పక్కలు కట్టెను రెండు వైపులకూ తోసెయ్యాలి. తెగ్గొట్టేది పదును, చీల్చేది మందం. అందుకే ఈ గొడ్డలికి గడ్డం గీసేంత పదును అక్కర్లేదు. మరీ పదునైతే తొందరగా ఇరుక్కుంటుంది కూడా.

ఇలాంటిది అంగట్లో దొరక్కపోతే కమ్మరి దగ్గర చేయించుకో. లారీ కమాన్ పట్టీ ఉక్కుతో చేసిన గొడ్డలి ఏళ్ళ తరబడి ఉంటుంది. తల రెండు కిలోలు, మహా అయితే రెండున్నర. మూడున్నర కిలోల గండ్రగొడ్డలి చూస్తే కొనాలనిపిస్తుంది, కానీ పది దెబ్బల తర్వాత దాన్ని ఎత్తడానికే నీ సత్తువంతా పోతుంది, అనుకున్న చోట పడదు. దెబ్బ బలం బరువు కంటే వేగం మీద ఎక్కువ ఆధారపడుతుంది. బరువు రెట్టింపైతే బలం రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. నీ చేతుల్లో వేగంగా తిరిగే గొడ్డలే నీకు సరైన గొడ్డలి. నరికే గొడ్డలిని పారెయ్యొద్దు, కొమ్మలు కొట్టుకోవడానికి ఉంచుకో.

కామ అంటే గొడ్డలి పిడి. దాని గురించి ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం గొడ్డలి తలకంటే కామే ముఖ్యం.  మామూలు మనిషికి కామ 30 నుంచి 32 అంగుళాలు ఉండాలి. కామ కురచైతే గురి తప్పిన దెబ్బ కాళ్ళ మీదికి వస్తుంది. కొంచెం పొడుగున్నా నష్టం లేదు, నేలలో దిగుతుంది. నార కామ పొడుగునా నిలువుగా పోవాలి. పక్కకు జారిపోయిన నార ఉంటే ఎంత గట్టి కట్టైనా ఒకరోజు అక్కడే విరుగుతుంది. తడ కట్టె దొరికితే అదృష్టం, లేకపోతే గట్టి వెదురు గాని బాగా ఎండిన తుమ్మ గాని చాలు. రంగు, వార్నిషు పూసిన కామ కొంటే ఆకురాయితో అదంతా గీకెయ్యి. చెమట చేతికి అది జారుతుంది, లేకపోతే బొబ్బలెక్కిస్తుంది. గీకాక కొంచెం ఆముదం రాసి గుడ్డతో తుడువు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నాకు 22 ఏళ్ళప్పుడు గొడ్డలి తల వదులైతే రాత్రంతా నీళ్ళ తొట్టిలో వేశాను. పొద్దునకు బిగుసుకుంది. అందరూ చేసేదే కదా అనుకుని పనికి పోయాను. మధ్యాహ్నం ఎండకు కామ ఆరి, ముందుకంటే వదులైంది. నేను చూసుకోలేదు. ఎత్తినప్పుడు తల ఊడి వెనక్కి పోయి, గోడ దగ్గర కూర్చున్న మా చిన్నాయన చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ఆయనకు ఏమీ కాలేదు. కానీ ఆ రోజు తర్వాత నేను నీళ్ళలో వేసిన గొడ్డలి పట్టలేదు. కట్టె తడికి ఉబ్బినప్పుడు ఇనుముకు ఒత్తుకుని నలుగుతుంది, ఆరాక అసలు కొలతకంటే సన్నమవుతుంది. వదులైతే కామ బిగువుకు కొట్టిన పాత బిళ్ళ తీసి, కామ తలలో ఎండు కట్టె బిళ్ళ కొత్తది దిగ్గొట్టు. రోజూ పని మొదలుపెట్టే ముందు గొడ్డలిని తలకిందులుగా పట్టి ఊపి చూడు. చిన్న చప్పుడొచ్చినా ఆ రోజు పని లేదు.

వాదర పెచ్చులూడడానికి కారణం నీ ఫోటోలోనే కనిపిస్తోంది. వాకిట్లో కడప బండల మీదే మొద్దు పెట్టి కొడుతున్నావు. ఒక్కసారి గురి తప్పితే ఉక్కు రాతికి తగులుతుంది. వాదరా పోతుంది, రాతి పెళ్ళ కంటికీ తగలొచ్చు. అడుగున వేసుకోవడానికి ఒక మొద్దు సంపాదించు. చింతమొద్దు అయితే ఇక మార్చక్కర్లేదు. మాంసం అంగళ్ళలో చింతమొద్దే ఎందుకు పెడతారో ఆలోచించు. దాని నార అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటుంది కాబట్టి ఎన్ని దెబ్బలు పడ్డా చీలదు. అందుకే చింతను పొయ్యి కోసం చీల్చాలని ఎవరైనా అడిగితే నేను రెట్టింపు కూలి అడుగుతాను. అడుగు మొద్దు ఎత్తు నీ మోకాలికంటే కొంచెం తక్కువ ఉండాలి. బండ మీద కాకుండా మట్టి నేల మీద వేసుకో, మట్టి అదురును మింగుతుంది. ఆ మొద్దు మీద ఒక పాత బైకు టైరు పడేసి, చీల్చాల్సిన ముక్కను అందులో నిలబెట్టు. చీలిన పేళ్ళు అటూ ఇటూ ఎగిరిపోకుండా అక్కడే నిలబడతాయి. ప్రతి దెబ్బకూ వంగి ఏరుకోనవసరం ఉండదు. నడుము నొప్పి సగం అక్కడే తగ్గుతుంది.

ఇక మొద్దును చూడడం. కోసిన ముఖం మీద సన్నని పగుళ్ళు ఉంటాయి, చక్రం ఆకుల్లాగా నడిమి నుంచి అంచుకు పోతూ. కట్టె ఆరేటప్పుడు చుట్టుకొలత వైపు కుంచించుకునేది, నడిమి నుంచి బయటికి కుంచించుకునే దానికంటే దాదాపు రెండింతలు ఉంటుంది. ఆ లాగుడు తట్టుకోలేక అది నడిమి నుంచి అంచుకు పగులుతుంది. అంటే ఎక్కడ చీలాలో కట్టే నీకు గీత గీసి చూపిస్తోంది. అన్నిటికంటే పెద్ద పగులును వెతుక్కో. అది మొద్దు పక్కకు కూడా దిగిందా చూడు. ఆ దారిలో ముడి ఉందా చూడు. ముడి ఉంటే ఆ పగులును వదిలేసి పక్కదాన్ని తీసుకో. ముడి ఒక కొసకు దగ్గరగా ఉంటే ఆ కొసను కిందికి పెట్టి, శుభ్రంగా ఉన్న ముఖం మీద కొట్టు.

నువ్వు ప్రతిసారీ సరిగ్గా నడిమిలో కొడుతున్నావని గుర్తులను బట్టి తెలుస్తోంది. జానెడు మొద్దుకైతే అది సరే. రెండు జానలు దాటిన మొద్దుకు నడిమి దెబ్బ వృథా, చుట్టూ ఉన్న కట్టెంతా దాన్ని బిగించి పట్టుకుంటుంది. అంచు నుంచి మొదలుపెట్టు. నీకు దగ్గరగా ఉన్న అంచు మీద, పగులు దారిలో మొదటి దెబ్బ. అదే గీత మీద నడిమి వైపు జరుగుతూ రెండో దెబ్బ, మూడో దెబ్బ. చప్పుడు మారుతుంది, గమనించు. గట్టిగా టంగుమనేది బోలుగా పలుకుతుంది. అంటే లోపల విడిపోయింది, ఇంకొక్కటి చాలు. మరీ పెద్ద మొద్దైతే నడిమి జోలికే పోవద్దు, అంచుల నుంచి నాలుగు వేళ్ళ మందాన చెక్కలుగా ఊడగొట్టుకుంటూ చుట్టూ తిరుగు. చివరకు చేవ ఒక్కటే దిమ్మలాగా మిగులుతుంది. అప్పుడు దాన్ని చీలుస్తావో, అలాగే పొయ్యిలో పెట్టి తెల్లారేదాకా నిప్పు నిలుపుకుంటావో నీ ఇష్టం.

కొట్టే తీరు మాటల్లో చెప్పడం కష్టమే, అయినా చెబుతాను. కాళ్ళు భుజాలంత ఎడంగా, సమానంగా పెట్టు. ఒక కాలు ముందుకు పెడితే జారిన గొడ్డలి ఆ కాలినే వెతుక్కుంటుంది. చీల్చే ముక్కను అడుగు మొద్దుకు నీ నుంచి దూరంగా ఉన్న అంచున పెట్టు, గురి తప్పినా గొడ్డలి అడుగు మొద్దులో దిగుతుంది. ఎడమ చెయ్యి కామ కొసన, కుడి చెయ్యి తల దగ్గర. ఎత్తేటప్పుడు కుడి చెయ్యి తల దగ్గరే ఉండాలి, దించేటప్పుడు అది కిందికి జారి ఎడమ చేతిని కలవాలి. ఎడమచేతి వాటమైతే దీన్ని తిరగేసుకో. నీ చూపు గొడ్డలి మీద కాదు, పగులు మీద. దెబ్బ పడే క్షణంలో మోకాళ్ళు కొంచెం వంచు, అప్పుడు గొడ్డలి నీ వైపు వంపు తిరగకుండా నిలువుగా దిగుతుంది. పిడికిలి మరీ బిగించొద్దు. మోచేతులు లాగుతున్నాయని రాశావే, అది గట్టిగా బిగించి పట్టడం వల్లే. గొడ్డలి కట్టెను తాకే వేళకు నీ పని అయిపోయి ఉండాలి. మిగతాది ఇనుము చూసుకుంటుంది.

ఇరుక్కుపోతే కామను పక్కలకు ఊపొద్దు, విరిగేది అలాగే. కామ కొసను అరచేత్తో కిందికి ఒక్కటి చరిచి, తర్వాత పైకి ఎత్తు. రెండు మూడు సార్లకు వదులుతుంది. చిన్న ముక్కైతే ముక్కతో సహా ఎత్తి తిరగేసి, గొడ్డలి వెనకవైపు అడుగు మొద్దు మీద పడేలా కొట్టు, కట్టె తన బరువుకే చీలుతుంది. ఇరుక్కున్న గొడ్డలి వెనక సమ్మెటతో మాత్రం ఎన్నడూ కొట్టొద్దు. కామ దూరే కన్నం సాగిపోతుంది, ఆ తర్వాత ఏ బిళ్ళా నిలవదు.

సమ్మెట కావాల్సింది ఇనుప చీలలకు. ఒక కొస మందంగా, ఒక కొస పలచగా, జానెడు పొడుగున కమ్మరి దగ్గర రెండు చేయించుకో. ఒకటి చాలదు. ఒకటి లోపల బిగుసుకుపోతే దాన్ని బయటికి తీయడానికి రెండోది కావాలి. పగులు అంచున మొదటిది దిగ్గొట్టు, పగులు పక్కకు దిగి నోరు తెరిచాక అక్కడ రెండోది పెట్టు. అది దిగేసరికి మొదటిది వదులై చేతికొస్తుంది. బేతంచెర్ల, తాడిపత్రి గనుల్లో బండలు తీసేవాళ్ళు కూడా ఒకే చోట బాదరు, వరసగా పెట్టి ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా దించుతారు. కట్టెకూ అదే ఓపిక కావాలి. సమ్మెట దెబ్బలకు చీల తల పువ్వులాగా విచ్చుకుంటుంది. ఆ అంచులు తునిగి తూటాల్లాగా ఎగురుతాయి. వారానికోసారి వాటిని సాన పట్టించి తీసేయించు. చీలలు కొట్టేటప్పుడు కళ్ళద్దాలు లేకుండా నిలబడొద్దు. వెల్డింగ్ అంగట్లో దొరికే మామూలు తెల్ల అద్దాలు చాలు.

పెచ్చులూడిన గొడ్డలిని గ్రైండింగ్ మిషన్ మీద పెట్టిస్తే ఒక మాట గుర్తుంచుకో. వాదర నీలం రంగుకు తిరిగితే ఉక్కు పదును చచ్చినట్టే, ఇక ఆ అంచు మెత్తగా మడుచుకుపోతూనే ఉంటుంది. కొంచెం పట్టి నీళ్ళలో ముంచి, మళ్ళీ కొంచెం పట్టాలి. రోజువారీకి ఆకురాయి చాలు, పది గీతలు ఇటు, పది గీతలు అటు.

ఏ కట్టెను ఎప్పుడు చీల్చాలి? కంప, నల్లతుమ్మ, సరుగుడు, జామాయిల్ పచ్చి మీదే సులభం. కొట్టిన రెండు మూడు వారాల్లోపు చీల్చెయ్యాలి. ఎండితే కంప చేవ ఇనుములాగా గట్టిపడుతుంది. నీవి కొట్టించి మూడు వారాలైందన్నావు, ఇక ఆలస్యం చెయ్యొద్దు. వేప నార కొంచెం మెలి తిరిగి ఉంటుంది, నెల రోజులు ఆరి పగుళ్ళు కనబడ్డాక నాకు సులభమనిపిస్తుంది. మామిడి, సుబాబుల్ ఎప్పుడైనా చీలుతాయి, కానీ నిప్పు తొందరగా అయిపోతుంది. గన్నేరు కొమ్మలు లోడులో కలిసి ఉంటే ఏరి పారెయ్. అది విషపు చెట్టు, దాని పొగ కూడా మంచిది కాదు.

కంపను చాలామంది తిడతారు. నేను తిట్టలేను. నువ్వున్న కమలాపురానికీ దానికీ చుట్టరికం ఉంది. మన దేశానికి ఈ చెట్టు మొదట వచ్చింది మన కడప జిల్లాకే. 1877లో కట్టెల కరువు తీర్చడానికి జమైకా నుంచి తెప్పించిన విత్తనాలు కమలాపురం దగ్గర నాటారు. ఆ తర్వాత అది వంకలూ చెరువులూ బీళ్ళూ ఆక్రమించి పంటలకు చేటు చేసిన మాట నిజమే. కానీ కరువు సంవత్సరాల్లో మా ఇంట్లో సంగటి ఉడికింది ఆ నిప్పు మీదే. అది బరువైన కట్టె, పొగ తక్కువ, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. తీసేయాల్సిన చెట్టే, కానీ తీసిన దాన్ని వృథా చెయ్యకుండా మంచి పేళ్ళుగా కొట్టుకోవడం నాకు న్యాయమనిపిస్తుంది. ముల్లు విషయంలో మాత్రం జాగ్రత్త. రబ్బరు చెప్పుల్లోంచి దిగిపోతుంది, దిగితే వారం రోజులు వాపు. బూట్లు వేసుకో.

చీల్చిన పేళ్ళను బండ పరిచి దాని మీద పేర్చు, నేల మీద వేస్తే చెదలు పడతాయి. కడప బండలకు నీకు కొదవ లేదు కదా, వాటికి అసలు పని ఇదే. గాలి ఆడేలా ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం. పైన రేకు కప్పు, పక్కలు మూయొద్దు. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్ళే ఉండొచ్చు. ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా పొయ్యిలో వేడి నీకు దక్కదు, పొగే దక్కుతుంది. మన ఎండలకు రెండు మూడు నెలల్లో బాగా ఎండుతాయి. రెండు పేళ్ళు ఒకదానికొకటి తగిలించు. దబ్‌మంటే పచ్చి, ఖంగుమంటే పొయ్యికి సిద్ధం. పేర్చిన కట్టెల్లోకి నేరుగా చెయ్యి పెట్టొద్దు, ముందు కర్రతో కదిలించు. తేళ్ళు సరే, రక్తపింజరలు, చిన్న పింజరలు కూడా అక్కడే చేరతాయి. మీ అమ్మగారికీ చెప్పు, చీకట్లో కట్టెలు తీయొద్దని.

ఇంకో చెట్టు కొట్టించాలంటే, అది నీ చేలోదైనా, ముందు అనుమతి సంగతి కనుక్కో. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది. కొండ వైపు నుంచి ఎవరైనా ఎర్రచందనం ముక్క, ఎండు కొమ్మైనా సరే, చవగ్గా ఇస్తామంటే వాకిలి దాటనీయొద్దు.

చివరగా, ఆ పంగ మొద్దు. రెండు రోజుల్లో ఎక్కువసేపు దాని మీదే పోరాడావు. దాన్ని పక్కన పెట్టెయ్, ముందు తిన్నగా ఉన్న ముక్కల మీద చెయ్యి కుదుర్చుకో. రోజుకు రెండు గంటలు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది, ఎండ ముదరకముందే ఆపెయ్యి. అవన్నీ అయ్యాక దీన్ని తిరగేసి పంగ కిందికి, మొదలు పైకి వచ్చేలా నిలబెట్టు. రెండు కొమ్మల నడిమిలనూ కలుపుతూ ఒక గీత ఊహించుకుని, బొగ్గుతో మొదలు ముఖం మీద గీసుకో. ఆ గీత మీద అంచున ఒక చీల, ఎదురు అంచున ఇంకోటి. ఒకదాని తర్వాత ఒకటి, నాలుగేసి దెబ్బలు. గీతకు అడ్డంగా కొడితే రెండు కొమ్మల నారా పెనవేసుకున్న చోట తగులుతుంది, ఎన్నటికీ చీలదు. గీత వెంబడి కొడితే ఒక్కో కొమ్మా నడిమికి చీలుతుంది. ఇరవై దెబ్బలకూ నోరు తెరవకపోతే ఇక వదిలేసి రంపం పెట్టించు.